పోయిందన్నవాళ్లతో పేచీ

"పోయింది" అన్నంత తేలిగ్గా మనవాళ్లు మరే మాటా అనరు. దీపం ఆరితే పోయింది, ఫోను మోగకపోతే పోయింది, మీట నొక్కినప్పుడు యంత్రం కదలకపోతే అదీ పోయింది. ఆ మాట అనేశాక ఇక చెయ్యవలసిన పని ఉండదు, చేతులు దులుపుకొని టీ తాగడానికి వెళ్లిపోవచ్చు. 2025 మే నెలలో ఈ మాటను ఇరవై రోజుల వ్యవధిలో ఐదుగురి నోట విన్నాను. ఐదుగురూ చదువుకున్నవారే. ఐదుగురి తీర్పూ తప్పే. కోపం చల్లారాక రాద్దామని ఇన్నాళ్లూ ఆగాను గాని, అది చల్లారే సూచనలేవీ కనబడడంలేదు.

సంగతి ఇది. జనగామలో మా ఇంటి ముందుగదిలో, పుస్తకాల బీరువా పక్కన, చిన్న స్టూలు మీద ఒక నల్లటి డబ్బా ఉండేది. నాలుగు హార్డుడిస్కులు పట్టే నెట్‌వర్కు స్టోరేజి సర్వరు. 2013లో ముగ్గురం కలిసి చందా వేసుకొని కొన్నాం: జనగామలో నేను, మానుకోటలో ఒక మిత్రుడు, భూపాలపల్లిలో ఇంకొకడు. (మహబూబాబాద్‌ను మానుకోట అంటేనే నా నోరు తిరుగుతుంది, పాఠకులు క్షమించాలి.) అప్పటికి ఆరేళ్లుగా ఆదివారాలూ దసరా సెలవులూ ఖర్చుపెట్టి మేము పోగేసిన సరుకంతా అందులో పోశాం. ఒగ్గు కథలు, చిందు యక్షగానాలు, శారదకథలు, తండాల్లో తీజ్ పాటలు, గోదావరి ఒడ్డు గూడేల్లో కోయ డోలీలు చెప్పే వంశకథలు. ధ్వని నాలుగు వందల గంటల పైచిలుకు, వీడియో రెండు వందల యాభై గంటల దాకా.

ఈ నేల మీద పేరున్న కళాకారులకు కొదవ లేదు. లింగాలఘనపురం మండలం మాణిక్యాపురానికి చెందిన ఒగ్గు కథకుడు చుక్క సత్తయ్య 2017లో కన్నుమూశారు. దేవరుప్పుల మండలానికి చెందిన చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. అంతటివారిని ఎవరో ఒకరు, ఎక్కడో ఒకచోట రికార్డు చేసే ఉంటారు. మేము వెతుక్కుంటూ పోయింది వారి వెనక నిలబడి తాళం కొట్టినవారిని, వంత పాడినవారిని, ఊరి పొలిమేర దాటి ఎన్నడూ పాడని ముసలమ్మలను. వీరిలో సగంమంది ఇప్పుడు లేరు. ఆ డబ్బాలో తప్ప ఇంకెక్కడా లేరు.

మే రెండో వారంలో ఒక సాయంత్రం గాలిదుమారం లేచింది. కరెంటు ఐదారుసార్లు పోయి వచ్చింది. తెల్లవారి మీట నొక్కితే నీలిదీపం ఒక్కసారి మిణుకుమంది, లోపలి ఫ్యాను పావువంతు తిరిగి ఆగింది. అంతే. మళ్లీ నొక్కితే అదీ లేదు. (మా మిత్రుడి ఊరి పక్కన చెల్పూరులో కాకతీయ థర్మల్ కేంద్రం 1100 మెగావాట్లు పుట్టిస్తుంది. ఆ చుట్టుపక్కల తండాలో బల్బు మాత్రం సాయంత్రం ఆరయ్యేసరికి ఎర్రబడుతుంది. ఇది వేరే పేచీ, మరోసారి.)

మొదటి తీర్పు నగరంలోని ఒక పెద్ద దుకాణానిది. డబ్బాను తువ్వాలులో చుట్టుకొని రైల్లో తీసుకుపోయాను. అక్కడి కుర్రవాడు నాలుగు డిస్కులనూ బయటికి లాగి, ఏది ఏ అరలోదో గుర్తు కూడా పెట్టకుండా బల్ల మీద పడేశాడు. ఒకదాన్ని తన విండోస్ కంప్యూటరుకు తగిలించాడు. వాడాలంటే ముందు ఫార్మాట్ చెయ్యమని తెర మీద అడిగింది. "చూసిండ్రా సార్, ఫార్మాట్ అడుగుతుంది. లోపల ఏం లేదు. బోర్డు కొట్టేసింది, డాటా ఖతం" అన్నాడు. మరీ కావాలంటే లక్ష రూపాయలకు ప్రయత్నిస్తామని, హామీ మాత్రం ఇవ్వలేమని లోపలినుంచి యజమాని అన్నాడు.

నిజాం కాలపు సేత్వారును ఉర్దూ రాని గుమాస్తా చేతికిచ్చి చూడండి. "ఇందులో ఏమీ రాసిలేదు, చింపి కొత్తది రాసుకోనా?" అంటే ఆ గుమాస్తాను ఏమంటాం? ఆ కంప్యూటరు అన్నదీ సరిగ్గా అదే. ఇటువంటి డబ్బాలు దాదాపు అన్నీ లోపల లినక్సు మీద నడుస్తాయి. డిస్కుల మీద అవి రాసే లిపి వేరు. ఆ లిపి విండోస్‌కు రాదు. తనకు రాని లిపిని చూసి కాగితం తెల్లగా ఉందని తీర్మానించే యంత్రాన్ని నేను తప్పుపట్టను. యంత్రం మాటను వేదవాక్కుగా తీసుకొని, ఒక్క నొక్కుతో నాలుగు వందల గంటల గొంతులను తుడిచెయ్యడానికి సిద్ధపడిన నిపుణుడితోనే నా పేచీ. ఆ కుర్రవాడి వేలు ఆ మీట మీదే ఉంది. నేను చెయ్యి పట్టుకొని లాగాను.

రెండో తీర్పు తయారీదారుది. ఫోనులో ఒక అమ్మాయి మర్యాదగా, ఆ నమూనాకు మద్దతు ముగిసిందని, విడిభాగాలు లేవని, కొత్త నమూనా మీద రాయితీ ఉందని చెప్పింది. పవరు సప్లైలో ఏ తీగ ఏమిటో చూపే పటం ఒకటి ఇమ్మన్నాను. అటువంటిది వాడకందార్లకు ఇవ్వరట. నేను కొన్న వస్తువు లోపల ఏముందో నాకు చెప్పరు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న మరమ్మతు హక్కు పేరిట ఒక పోర్టలు తెరిచింది. వ్యవసాయ పనిముట్లు, ఫోన్లూ ఎలక్ట్రానిక్సూ, గృహోపకరణాలు, వాహనాలు అంటూ నాలుగు వర్గాలు పెట్టింది. మంచిదే. కాని పోర్టలు తెరిచినంత మాత్రాన తయారీదారు బీరువా తెరుచుకోదు. చట్టం లేనిచోట హక్కు అన్నమాట దండకంలో సంబోధన వంటిది, పిలిచినవాడికి పుణ్యమే గాని పలికేవాడుండడు.

మూడో తీర్పు మా బంధువులబ్బాయిది, సాఫ్ట్‌వేరు ఉద్యోగి. "బాబాయ్, ఈ కాలంలో డబ్బా ఇంట్లో పెట్టుకునేదెవరు? క్లౌడులో పెట్టుంటే ఇది పోయేదే కాదు" అన్నాడు. వీడికి జవాబు తరవాత చెబుతాను.

నాలుగోది నేను సభ్యుడిగా ఉన్న సాహిత్య సంఘానిది. కార్యవర్గ సమావేశంలో విషయం చెప్పాను. అందరూ "అయ్యో" అన్నారు. ఒకరు సంతాప తీర్మానం ప్రతిపాదించారు, మరొకరు బలపరిచారు. హాస్యానికి రాయడంలేదు, మినిట్సు పుస్తకంలో ఉంది. ఆ వెంటనే తదుపరి అంశానికి వెళ్లారు: వార్షికోత్సవంలో సన్మానాలకు శాలువాలు, మెమెంటోలు, ఫ్లెక్సీలు, భోజనాలు. పద్దు చదివారు. ఆ శాలువాల ఖర్చులో మూడోవంతుతో మా సరుకంతా పట్టే ఒక బయటి డిస్కు వస్తుంది. పన్నెండేళ్లలో పన్నెండు వార్షికోత్సవాలు చేశాం. గాయకుడికి శాలువా కప్పాం, అతని గొంతుకు రెండో ప్రతి తియ్యలేదు.

ఐదో తీర్పు నాది. ఆ రాత్రి ఇంటికొచ్చి నా భార్యతో "పోయిందిలే" అన్నాను. తెల్లవారి ఈ మాట మానుకోట మిత్రుడికి ఫోనులో చెబితే, "నువ్వు తెలుగు మేష్టరువు, మరణ ధ్రువీకరణ పత్రాలు ఇచ్చే అధికారం నీకెవడిచ్చాడు? డబ్బా పట్టుకొని బండెక్కు" అని కసిరాడు.

మానుకోటలో అతను నన్ను తీసుకుపోయింది ఏ కంప్యూటరు దుకాణానికీ కాదు. పాత టీవీలు, యాంప్లిఫయర్లు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి. ఆయన నెట్‌వర్కు సర్వరు అన్న పేరే వినలేదు. కాని మొట్టమొదట అడిగిన ప్రశ్న, నగరంలో ఎవరూ అడగనిది: "మీట నొక్కకముందు దీన్ల కరెంటు ఉన్నదా లేదా చూసిండ్రా?"

ఆ ప్రశ్నలో ఎంత విషయం ఉందో నాకు ఆ తరవాత బోధపడింది. ఇటువంటి యంత్రాలు మీట ఆర్పినా పూర్తిగా నిద్రపోవు. పవరు సప్లైనుంచి ఊదారంగు తీగ గుండా 5 వోల్టులు ఎప్పుడూ బోర్డుకు అందుతూనే ఉండాలి. మనం మీట నొక్కామన్న సంగతి వినడానికి ఒక చెవి మేలుకొని ఉండేది ఆ 5 వోల్టుల మీదే. మీట నొక్కగానే బోర్డు ఆకుపచ్చ తీగను నేలకు కలుపుతుంది, అప్పుడు మిగతా కరెంటంతా వస్తుంది. మొదటిది సన్నగిల్లితే యంత్రం లేవబోయి కూలబడుతుంది. చూసేవాడికి బోర్డు చచ్చినట్టే కనబడుతుంది.

పెద్దాయన ముందు గోడ ప్లగ్గు చూశాడు, తీగ మార్చి చూశాడు, ఫ్యూజు చూశాడు. డిస్కులేవీ లేకుండానే మీట నొక్కాడు. డిస్కులు లేకుండా లేచి, అవి పెడితే లేవకపోతే సప్లై బలహీనపడినట్టు లెక్క, ఎందుకంటే ఒక్కో డిస్కు తిరగడం మొదలుపెట్టే క్షణంలో 12 వోల్టుల మీద సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది, నాలుగూ కలిస్తే దాదాపు 100 వాట్లు. మాది ఖాళీగానూ లేవలేదు. అప్పుడు మల్టీమీటరు ముల్లు ఊదా తీగకు ఆనించాడు. 3.4 వోల్టులు. మీట నొక్కితే ఇంకా కిందికి జారింది. ఆయన మీటరు నా వైపు తిప్పి, "పాణం ఉన్నది సారూ. అన్నం అందుతలేదు, గంతే" అన్నాడు.

సప్లై డబ్బా విప్పడానికి మాత్రం నన్ను దూరంగా జరగమన్నాడు. మన 230 వోల్టులు లోపల తిన్నగా మారి 325 దాకా చేరి, ప్లగ్గు పీకేశాక కూడా పెద్ద కెపాసిటరులో కాసేపు కూర్చుంటాయి. తెలియనివాడు ఆ మూత తెరవకూడదు, ఇది చదివి ఎవరూ తెరవకండి. ఆయన దాన్ని ఖాళీ చేసి, పలకను తిప్పి చూపించాడు. ఒక మూల చిటికెనవేలంత కెపాసిటరు, తల ఉబ్బి, పూరీలా పొంగి ఉంది. వీటిలోపలి ద్రవం వేడికి ఎండిపోతుంది. స్థూలంగా పది డిగ్రీల వేడి పెరిగితే ఆయువు సగానికి పడుతుందని లెక్క. జనగామ మే నెల ఎండకు తోడు, దుమ్ము పడకూడదని నేనే కుట్టించి తొడిగిన గుడ్డ ముసుగు ఒకటి. పన్నెండేళ్లు దాన్ని దుప్పటి కప్పి ఉడకబెట్టాను.

కొత్త కెపాసిటరు ఖరీదు పన్నెండు రూపాయలు. కూలి వంద అడిగాడు. డబ్బా ఖాళీగా లేచింది, నీలిదీపం నిలిచింది. లక్షకూ నూటపన్నెండుకూ మధ్య ఉన్న దూరమంతా ఒక ప్రశ్న దూరమే.

ఇక్కడ నా పేచీకి ఒక అభ్యంతరం వస్తుంది, నేనే చెబుతాను. బోర్డులు నిజంగా పోవా? పోతాయి. ఇంటెల్ ఆటమ్ సీ2000 వరసలో గడియారపు సంకేతం కాలక్రమాన ఆగిపోయే లోపం ఉన్నట్టు 2017లో బయటపడింది. ఆ చిప్పు వాడిన స్టోరేజి సర్వర్లు ఎన్నో దేశాల్లో హఠాత్తుగా లేవడం మానేశాయి. చాలావాటిని జనం ఒక చిన్న రెసిస్టరు అతికించి లేపుకున్నారు. లేవకపోయినా డిస్కులు డిస్కులే. పెట్టె కాలితే లోపలి తాళపత్రాలు కాలినట్టే. కాని తాళం చెవి పోతే తాళపత్రాలు పోవు. ఇంకో చిక్కు కూడా ఉంది. తొలినాళ్లలో ఇన్‌ఫ్రాంట్ సంస్థ చేసిన రెడీనాస్ డబ్బాలు డిస్కు మీద 16 కిలోబైట్ల గళ్లుగా రాసేవి, మామూలు లినక్సు యంత్రం వాటిని నేరుగా చదవలేదు. దానికీ దారులు కనిపెట్టారు. లిపి తెలిసినవాడిని వెతకాలి, అంతే.

డబ్బా లేచిందని నేను గంతులేసి డిస్కులు పెట్టబోతుంటే మిత్రుడు అడ్డుపడ్డాడు. అతను పాలిటెక్నిక్‌లో లెక్చరరు, లినక్సు భక్తుడు. ఒక్కో డిస్కునూ విడిగా తన యంత్రానికి తగిలించి, రాయడానికి వీల్లేకుండా కట్టడి చేసి, ముందు వాటి ఆరోగ్యం చూశాడు. దుకాణంలో వరస కలిపేసినా ఫరవాలేదన్నాడు, ఎవరిది ఏ స్థానమో ప్రతి డిస్కు తన నుదుటనే రాసుకుంటుంది. నుదుటిరాత చదివితే అసలు కథ బయటపడింది. మూడో డిస్కు మిగతావాటినుంచి విడిపోయింది ఆ గాలిదుమారం రాత్రి కాదు. 2024 మార్చిలో. పద్నాలుగు నెలలుగా డబ్బా మూడు కాళ్ల మీద నడిచింది.

మా నాలుగు డిస్కుల అమరిక ఎటువంటిదంటే, స్థూలంగా, మూడింటి మీద అంకెలు, నాలుగోచోట వాటి మొత్తం. ఒకటి పోతే మిగతావాటినుంచి రాబట్టుకోవచ్చు. రెండు పోతే ఏదీ మిగలదు. ఒకటి పోయిందని చెప్పడానికే డబ్బా ముఖాన ఒక ఎర్రదీపం ఉంది. ఆ దీపం పద్నాలుగు నెలలపాటు వెలుగుతూనే ఉంది, నా గుడ్డ ముసుగు కింద. ఇప్పుడు మొదటి డిస్కు కూడా చదవలేని గళ్లు చూపుతోంది. ఇక మిగిలినవి రెండు మంచివి, ఒక రోగి.

ఆ రోగిని డబ్బాలో పెట్టి పరుగెత్తించి ఉంటే అదే ఆఖరి పరుగయ్యేది. జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ఉచిత పరికరంతో, తేలిగ్గా వచ్చే భాగాలు ముందు, మొండికేసే గళ్లు చివర, కొత్త డిస్కు మీదికి నకలు తీశాడు. ఐదు పగళ్లూ ఐదు రాత్రులూ పట్టింది. అతని భార్య ఆ గదిలో కూలరు తెచ్చి పెట్టింది. నకలునూ మిగతా రెంటినీ కలిపి, చదవడానికి మాత్రమే తెరిచాడు. ఫోల్డర్ల పేర్లు తెర మీద వరసగా దిగాయి: పాలకుర్తి, కురవి, గూడూరు, ఘనపురం, మహదేవపూర్. నేను బయటికి వెళ్లి కాసేపు అరుగు మీద కూర్చున్నాను.

ఇక క్లౌడు అబ్బాయికి జవాబు. ఒరే అబ్బాయీ, పరాయి ఇంటి అటక మీద పెట్టినంత మాత్రాన మూట భద్రం కాదురా. యాహూ జియోసిటీసు 2009 అక్టోబరులో మూసేశారు, ఎందరి తొలి తెలుగు పుటలో దానితో పోయాయి. యాహూ గుంపులు 2020 డిసెంబరులో పూర్తిగా మూతపడ్డాయి. తెలుగువాళ్లు ఛందస్సు మీద, అనువాదాల మీద ఏళ్ల తరబడి దెబ్బలాడుకున్న రచ్చబండ నడిచింది అక్కడే. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా గూడు మూతపడ్డప్పుడు మన పాత పుస్తకాలు దక్కాయంటే, అంతకుముందే ఎవరో పనిగట్టుకొని దింపుకొని ఆర్కైవ్.ఆర్గ్‌కు ఎక్కించబట్టి. అక్కడ కాపాడింది మేఘం కాదు, రెండో ప్రతి. క్లౌడులోనూ పెడతాను, మంచిదే. అదొక్కటే అంటే మాత్రం నీకూ నాకూ పేచీయే.

మాది బమ్మెర ఉన్న జిల్లా. పోతన భాగవతంలో కొన్ని భాగాలు శిథిలమైతే పంచమ స్కంధం గంగన, షష్ఠం సింగన, ఏకాదశ ద్వాదశాలు వెలిగందల నారయ పూరించారని చిన్నప్పుడే వల్లెవేశాం. సింగభూపాలుడు పాతిపెట్టించాడన్న కథ నిజమో కల్పనో పండితులు తేల్చుకోనీ. ఏకప్రతిగా ఉన్నదానికి ఏ గతి పడుతుందో ఈ మట్టికి ఆరువందల ఏళ్లుగా తెలుసు. ఆ పాఠాన్ని నలభై ఏళ్లు తరగతిలో చెప్పినవాడిని, నా స్టూలు మీద ఏకప్రతిని పెట్టుకొని దానికి ముసుగు తొడిగాను. మా సంఘం మినిట్సులో సంతాప తీర్మానం ఎవరిమీద పెట్టాలో ఇప్పుడు నాకు తెలుసు.

పెద్దగా పోయిందేమీ లేదని మిత్రులు ఓదారుస్తున్నారు. మూడు వీడియోలు మాత్రమే పాడయ్యాయి. రెండింటికి ధ్వని ప్రతి విడిగా ఉంది. మూడోది మహదేవపూర్ వైపు గూడెంలో 2011లో ఒక అవ్వ చెప్పిన కథ, నలభైయేడు నిమిషాలు. ఆ ఫైలు డిస్కు మీద ఎక్కడెక్కడ ఉందో చెప్పే పట్టికలో కొంత సరిగ్గా చెడిన గడిలో పడింది. ఇరవైతొమ్మిదో నిమిషంలో అవ్వ కుడిచెయ్యి పైకెత్తుతుంది, నోరు తెరుస్తుంది, బొమ్మ ఆగిపోతుంది. అవ్వ 2016లో పోయింది. ఈ ఒక్కచోట ఆ మాట నేను ఒప్పుకుంటాను.

గత నెల సంఘం సమావేశంలో శాలువాల పద్దు చదువుతుండగా లేచి నిలబడ్డాను. ఈ ఏడు నాకు ఇవ్వదలచిన సన్మానం రద్దుచేసి ఆ సొమ్ముతో రెండు డిస్కులు కొనమన్నాను. సన్మానం రద్దుచేశారు గాని డిస్కుల విషయం ఉపసంఘానికి పంపారు. డిస్కులు మేమే కొన్నాం. ఒక ప్రతి మానుకోటలో, ఒకటి భూపాలపల్లిలో, ఒకటి నా దగ్గర. నల్ల డబ్బా పెద్దాయన దుకాణంలో ఉంది, మిగతా కెపాసిటర్లు కూడా మారుస్తానని ఉంచుకున్నాడు.

భూపాలపల్లి మిత్రుడు అవ్వ మనవరాలిని వెతికి పట్టుకున్నాడు. ఫోనులో మాట్లాడాను. "మా అవ్వ చెప్పినట్టు నాకు రాదు సారూ. సగం యాదికున్నది. మిగిలింది మా మేనత్తకు వస్తదేమో" అంది. మేనత్త గోదావరికి అవతల, సిరొంచ దగ్గర ఉంటుందట. ఆదివారం పొద్దున బస్సు. రికార్డరు చార్జింగుకు పెట్టాను, దాని ఎర్రదీపం మీద ఏదీ కప్పలేదు.